రెండు డిస్క్ గ్రూపులు ఒకటి చేయాలా? వీజీమెర్జ్ కొట్టే ముందు ఇది చదవండి

షాద్‌నగర్ అనగానే టెక్ వాళ్లకి గుర్తొచ్చేది ఎన్‌ఆర్‌ఎస్‌సీ గ్రౌండ్ స్టేషన్. 1979 నుంచి ఉపగ్రహాల డేటా దిగేది అక్కడే. అదే ఊళ్లో మా బాబాయి ఫొటో స్టూడియోలో ఉన్నది మాత్రం ఒక ఉబుంటు పీసీ, రెండు హార్డ్ డిస్కులు. పాతది 1 టీబీ, పూర్తిగా నిండింది. కొత్తది 2 టీబీ, అందులో నేను 600 జీబీకే లాజికల్ వాల్యూమ్ చేసి మిగతాది ఖాళీగా వదిలేశా. "రెండూ కలిపెయ్‌రా, పెళ్లిళ్ల సీజన్ వస్తున్నది" అన్నాడు బాబాయి.

ఒక్కో డిస్కు ఒక్కో వాల్యూమ్ గ్రూపులో ఉంది. ఒక గ్రూపులో ఖాళీ ఉన్నా రెండో గ్రూపుకి పనికిరాదు. అందుకే లైనక్స్ ఎల్‌వీఎంలో వీజీమెర్జ్ ఉంది. (దీని అడుగున ఉండే డివైస్ మ్యాపర్ మీ ఫోన్లో కూడా ఉంది. ఆండ్రాయిడ్ 10లో వచ్చిన డైనమిక్ పార్టిషన్లు నడిచేది దాని మీదే.)

కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే. ముందు వీజీసీఎఫ్‌జీబ్యాకప్. అది దాచేది మెటాడేటానే, ఫొటోల్ని కాదు. కాబట్టి ఫొటోలు వేరే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశాకే మిగతా పని. తర్వాత పాత గ్రూపుని అన్‌మౌంట్ చేసి, వీజీచేంజ్ హైఫన్ ఏఎన్‌తో ఆపేయాలి. కలిసిపోయే గ్రూపు ఆగి ఉండాల్సిందే. ఇప్పుడు వీజీమెర్జ్ హైఫన్ టీ, ముందు కొత్త గ్రూపు పేరు, తర్వాత పాతది. హైఫన్ టీ అంటే ఉత్త ట్రయల్, డిస్క్ మీద ఏమీ మారదు.

నాకు ట్రయల్‌లోనే దెబ్బ పడింది. రెండు గ్రూపుల్లోనూ వాల్యూమ్ పేరు "ఫొటోస్" అనే పెట్టా! ఎల్‌వీరీనేమ్‌తో ఒకదాని పేరు మార్చాక ఒప్పుకుంది. ఎక్స్‌టెంట్ సైజు కూడా రెండిట్లో ఒకటే ఉండాలి. డిఫాల్ట్ 4 ఎంబీ కాబట్టి చాలామందికి ఆ తలనొప్పి రాదు.

అసలు మెర్జ్ మాత్రం కళ్లు మూసి తెరిచేలోపు అయిపోయింది, ఎందుకంటే డేటా ఎక్కడికీ కదలదు. తర్వాత వీజీచేంజ్ హైఫన్ ఏవైతో వాల్యూమ్‌ని మళ్లీ ఆన్ చేయాలి. గ్రూపు పేరు మారింది కాబట్టి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాత పాత్ ఉంటే అది కూడా మార్చండి. మర్చిపోతే తర్వాతి బూట్‌లో పీసీ ఎమర్జెన్సీ మోడ్‌లో నిలబడుతుంది. యూయూఐడీ వాడినవాళ్లు సేఫ్.

ఇక్కడిదాకా బాగానే ఉంది. చాలామంది వెంటనే ఎల్‌వీఎక్స్‌టెండ్ కొట్టి పాత వాల్యూమ్‌ని రెండు డిస్కుల మీదికి సాగదీస్తారు. అది చేయకండి. మెర్జ్ అంటే రెయిడ్ కాదు. ఒకే ఫైల్‌సిస్టమ్ రెండు డిస్కుల మీద పరుచుకుంటే, ఏ ఒక్కటి పోయినా మొత్తం పోయినట్టే. స్మార్ట్‌సీటీఎల్ చూస్తే పాత డిస్క్‌లో అప్పటికే రీఅలోకేటెడ్ సెక్టార్లు కనిపించాయి. అందులో ఉన్నవి జనాల పెళ్లి ఆల్బమ్‌లు. మళ్లీ తీయలేం కదా.

అందుకే పీవీమూవ్. ఇది ఒకే గ్రూపులో ఉన్న డిస్కుల మధ్యే పనిచేస్తుంది, మెర్జ్ వల్ల నాకు దక్కిన అసలు లాభం ఇదే. వాల్యూమ్ నడుస్తుండగానే డేటా మొత్తం కొత్త డిస్క్‌లోకి జరుగుతుంది. మధ్యలో ఓసారి కరెంటు పోయింది, గుండె గుభేల్‌మంది. పీసీ ఆన్ చేసి ఏ ఆప్షనూ లేకుండా పీవీమూవ్ అని కొడితే ఆగిన చోటు నుంచి అందుకుంది.

ఇది రాస్తుంటే 71 శాతం. అయ్యాక వీజీరెడ్యూస్‌తో పాత డిస్క్‌ని గ్రూపులోంచి తీసేస్తా. బాబాయి దాన్ని సీసీటీవీకి వాడుకుందామంటున్నాడు, ఆ గొడవ తర్వాత చూసుకుంటాం.