గాలివాన దినములలో తేలిక భోజనము

గాలివాన రాగలదని రేడియోలో హెచ్చరిక వినబడగానే మన యిండ్లలో మొదట చూచుకొనునది బియ్యపు డబ్బా. ఆ వెనుక అటుకులు, మరమరాలు, రొట్టె, బిస్కత్తులు. ఇవి సమకూడినంతనే ఇల్లాలు ‘ఇక మూడు దినములకు దిగులు లేదు’ అనుకొనును. ఇంట మధుమేహము గలవారు లేనిచో ఆ మాట నిజమే. ఉన్నచో దిగులు అప్పుడే మొదలైనదని చెప్పవలెను. ఏలయన, పైని చెప్పినవన్నియు పేరునకు వేరువేరు వస్తువులే కాని అన్నిటిలోను ప్రధానముగా నున్నది పిండిపదార్థమే. నూరు గ్రాముల బియ్యములో అది సుమారు 78 గ్రాములు. అటుకులలోను ఇంచుమించుగా అంతే.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారికి వేసవి తుపాను వినికిడి మాట కాదు. 1990 మే 9వ తేదీనాటి పెనుతుపాను కృష్ణవేణి కడలి గలియు చోటికి సమీపమున తీరము దాటినది. 2010 మే 20వ తేదీన ‘లైలా’ బాపట్ల దగ్గరనే తీరము చేరినది. నిన్నటివరకు నిప్పులు చెరిగిన యెండ, నేడు ఊపిరాడని ఉక్క, రేపు హోరుగాలి. ఉక్కలో చెమట ఆరదు, ఆకలి మందగించును. కరెంటు పోయినంతనే రిఫ్రిజిరేటరు వట్టి బీరువా యగును. వాన తెరపి యిచ్చిన పిమ్మట సహాయ శిబిరమున చేతికి వచ్చునది పులిహోర పొట్లము. ఇచ్చువారిని తప్పుపట్ట వీలులేదు. వందలమందికి వేగముగా వండి పంచుటకు అంతకంటె అనువైనది దొరకదు. కాని మధుమేహము గలవారు పూటపూటకు అదియే తిన్నచో, నెలల తరబడి కాపాడుకొన్న పథ్యము రెండు మూడు దినములలోనే తలక్రిందులగును.

ఈ మాట కొద్దిమందికి సంబంధించినది కాదు. మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు మించియున్నారని భారత వైద్య పరిశోధనా మండలి వారి అధ్యయనము 2023లో తెలిపినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో, దినమునకు కావలసిన శక్తిలో ధాన్యముల వలన వచ్చునది నూటికి 45 పాళ్లు మించరాదని యున్నది. అన్నమే భోజనమనుకొను మన డెల్టాలో ఆ హద్దు లోపల నిలుచుట తేలిక కాదు. మా అత్తగారు అన్నము లేని పూటను పూటగా లెక్కించెడివారే కారు!

అయినను వరి పండు నేలలోనే దీనికి విరుగుడును పండుచున్నది. వరికోతల వేళ ఆ పదునులోనే చల్లిన పెసలు, మినుములు వేసవి నాటికి ఇల్లు చేరియుండును. పప్పులలో పిండిపదార్థము లేదని భ్రమపడరాదు. పెసరపప్పులోను సగమునకు పైగా అదియే. కాని దానితోపాటు నూటికి 24 పాళ్లు మాంసకృత్తులు, తగినంత పీచు ఉండుటచేత రక్తములో చక్కెర మెల్లగా పెరుగును, కడుపు నిండినట్లుండును. తేలికగా జీర్ణమగునని పథ్యమునకు పెసరకట్టు పెట్టుట మనవారికి ఏనాటినుండియో వాడుక.

నలుగురికి ఒక గ్లాసు పెసరపప్పు చాలును. దానిని దోరగా వేయించి, కడిగి, ఐదు గ్లాసుల నీటిలో పసుపు వేసి ఉడికింపవలెను. సగము ఉడికిన తరువాత సొరకాయ ముక్కలు విరివిగా, పప్పునకు రెండింతలైనను సరే, వేయవచ్చును. మెదిపి, అల్లము, పచ్చిమిరప, ఉప్పు చేర్చి, ఒక చెంచా నేతిలో జీలకర్ర, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి, దించిన పిమ్మటనే నిమ్మరసము పిండవలెను. పొయ్యి మీద నుండగా పిండినచో చేదెక్కును. ఒక పెద్ద గిన్నెడు ఈ కట్టు, ఉడికించిన గుడ్డు ఒకటి, కడపట చిన్న గరిటెడు అన్నము: ఒక పూట గడచిపోవును. అన్నమును బొత్తిగా మానుమని నేను చెప్పుట లేదు. కూర, పప్పు ముందు తిని అన్నమును చివరకు ఉంచుకొన్నచో అది తనంతట తానే తగ్గును.

గుడ్డు తిననివారికి పెసరట్టు ఉన్నది. అయితే కరెంటు లేనిచో మిక్సీ తిరుగదు, రోలు నేడు అందరి యిండ్లలోను లేదు. కావున హెచ్చరిక విన్న నాడే పెసలు పొడిగా విసరించి పెట్టుకొన్నచో, ఆ పిండిని నీటిలో కలిపి అరగంట నాననిచ్చి అట్టు పోయవచ్చును. మజ్జిగ పులుసునకు బియ్యపు పిండికి బదులు కొంచెము శనగపిండి చాలును. కాని అది మొదటి దినపు వంట, మరునాటికి పెరుగు పులిసిపోవును. ఆకుకూరలును ఆనాడే వండివేయవలెను. కోయని సొరకాయ, దోసకాయ, పచ్చి మామిడికాయ, ఉల్లి, తెనాలి బజారు నిమ్మకాయలు చల్లని మూలన నాలుగు దినములు నిలుచును. నిజాంపట్నము రేవున ప్రమాద సూచిక ఎగురవేసిన తరువాత పడవలు కదలవు, పచ్చిచేప రాదు. ఎండుచేప వండువారు బాగుగా నానబెట్టి ఉప్పు వదలింపవలెను. రక్తపుపోటు గలవారు దాని జోలికి పోకుండుటే మేలు.

ఏది వండినను ఆ పూటకే. మిగిలినదానిని మరుపూటకు దాచుట ఈ దినములలో పొదుపు కాదు. సాధారణముగా ఎంతో హితమైన చల్దియన్నమును సైతము నీరు కలుషితమైనప్పుడు విడువవలెను. త్రాగు నీటిని తెర్లునట్లు కాచియే వాడవలెను. మొలకలనైనను ఆవిరిపై ఉడికించియే తినవలెను. గ్యాసు అయిపోయినదని తలుపులు, కిటికీలు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి రాజవేయుట ప్రాణాంతకము; ఆ విషవాయువునకు వాసన యుండదు, కూర్చున్నవారికి మత్తు క్రమ్మి తెలియకయే ప్రాణము పోవును. కుంపటిని గాలి యాడు వసారాలోనే పెట్టవలెను.

ఇంకొక సంగతి. మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడువారు ఒక్కసారిగా అన్నము తగ్గించినచో చక్కెర మితిమీరి పడిపోవచ్చును. ఎంత తగ్గింపవలెనో, మందు మార్పవలెనో వేసవికి ముందే వైద్యుని అడిగి యుంచుకొనవలెను. తుపానునాడు దారులు మూసికొనిపోయిన వెనుక అడుగుటకు వీలుండదు. చెమట, వణుకు, కన్నులు చీకట్లు క్రమ్ముట కనబడినచో వెంటనే రెండు మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి యివ్వవలెను. స్పృహ లేనివారి నోట మాత్రము ఏమియు పోయరాదు. పథ్యపు టింట సైతము ఆ డబ్బా అటక యెక్కరాదు.

గాలివాన వెలిసి మరల యెండ కాయుచు, కరెంటు ఇంకను రాని దినములలో ఇన్సులిన్ చెడును. పెద్ద కుండలో తడియిసుక పోసి, నడుమ చిన్న ముంత నిలిపి, సీసాను తడి తగులకుండ దానిలో నుంచి మూత వేసి, కుండను నీడను గాలి తగులు చోట పెట్టి, ఇసుక ఆరినప్పుడెల్ల నీరు చల్లుచుండవలెను.