రేవు లోపల, రేవు వెలుపల

విశాఖపట్టణమున తెల్లవారకముందే మేలుకొనునది చేపలరేవు. వీథిదీపము లింకను వెలుగుచుండగనే అచ్చట వేలము మొదలగును. పలుదినములు సముద్రముమీద గడపివచ్చిన మరపడవలు ఒకదాని నొకటి ఒరసికొని నిలిచియుండును. కోనాములు, చందువలు, కానాగడతలు, రొయ్యలు గంపలలో దిగి రాశులుగా పడును. పాటపాడువాని నోట ధర యెంత వేగముగ పెరుగుననగా, క్రొత్తవాడు వినుటకే తడబడును. చేపలు కొని వాడలలో అమ్ముకొను స్త్రీలు మాత్రము తడబడరు. తలపై గంప, నడుమున రూకలసంచి, నోటనే లెక్క. గణితము చెప్పు ఉపాధ్యాయుడు తన శిష్యుల నొకసారి ఇచ్చటికి తీసికొనిరావలెను.

2023 నవంబరు 19వ తేదీ రాత్రి ఈ రేవులో నిప్పంటుకొని డజన్లకొలది మరపడవలు కాలిపోయినవి. పడవ కాలినప్పుడు పోవునది కొయ్య యొక్కటే కాదు. వల పోవును, యంత్రము పోవును, ఆ పడవపై వేటకు పోవు కళాసీల వాటా పోవును. దానికితోడు ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని మరపడవల వేట నిలుపుదురు. ఆ నిషేధము న్యాయమైనదే. ఆ రెండు నెలలు పొయ్యి వెలుగు టెట్లన్నది మాత్రము వేరు ప్రశ్న.

ఎండ ఎక్కకముందే కొండ ఎక్కవలెను. రేవుముఖమున మూడు గుట్టలు ప్రక్కప్రక్కన నున్నవి. ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెల, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి. మూడింటినుండియు కనబడు జలమార్గ మొక్కటే. ఆవలిగట్టున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన పెద్దకొండను నావికులు డాల్ఫిన్ ముక్కు అనిరి. ఊరివారికది యారాడ కొండ. ఆ కొండ చాటే ఈ రేవునకు జన్మకారణము. మేఘాద్రిగెడ్డ సముద్రమున కలియుచోటనున్న బురదనేలను త్రవ్వి, ఓడలు తిరుగుటకు తావు చేసిరి. మధ్యపరగణాలలోని మాంగనీసును ఓడలకెక్కించుట నాటి ముఖ్యోద్దేశము. 1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' యను ఓడ మొదట ఈ దారిని ప్రవేశించినది. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగ ప్రారంభించినాడు. 1942 ఏప్రిలు 6న జపానువారి బాంబులు ఇచ్చట పడినవి. తరువాత ఆ జపానునకే బైలదిల్లా ఇనుపఖనిజమును అమ్మితిమి. అంతకంతకు పెద్దవగుచున్న ఓడల కొఱకు 1970లలో వెలుపలి రేవును కూడ కట్టితిమి. చరిత్ర పుస్తకములు ఇట్టి మలుపుల నంతగా పట్టించుకొనవు.

1948 మార్చి 14న నెహ్రూ సముద్రములోనికి పంపిన 'జలఉష' ఇచ్చటి సింధియావారి కర్మాగారమున పుట్టినదే. 'రేవు' అను మాట తెలుగువాని కెంత దగ్గరిదో చూడుడు! చాకలిరేవును రేవే, వేల టన్నుల ఓడ నిలుచునదియు రేవే.

మధ్యాహ్నము దాటిన పిమ్మట తీరమువెంబడి ఉత్తరముగ నడచిన పెదజాలరిపేట వచ్చును. ఇచ్చట రేవు లేదు, గోడ లేదు, ఇసుకయే రేవు. పూర్వము మాను దుంగలను త్రాళ్లతో బిగించి కట్టిన తెప్పలపై వేటకు పోయెడివారు. ఇంగ్లీషువారు 'కెటమరాన్' అనునది అరవము నుండి పోయిన 'కట్టుమరము'. మనవారికి తెప్ప చాలినది. నేడు ఫైబరు పడవలు, మోటార్లు వచ్చినవి. ఐనను వాటిని లాగి నిలుపుటకు, వల ఆరవేయుటకు, చిరిగిన కన్నులు కుట్టుకొనుటకు, నెత్తళ్లు ఎండబెట్టుటకు కావలసినది ఇసుకయే.

ఆ ఇసుక తరిగిపోవుచున్నది.

భూగోళము చదువుకొను విద్యార్థులు గమనింపవలసిన విషయమిది. నైరృతి ఋతుపవనకాలమున అలలు తీరమును ఏటవాలుగ తాకును. ప్రతి అలయు గుప్పెడు ఇసుకను కొంచెము ఉత్తరమునకు నెట్టును. దక్షిణమునుండి వచ్చినది ఉత్తరమునకు పోవుచున్నంతకాలము తీరమునకు లోటు లేదు. రేవుకొఱకు అడ్డుకట్ట కట్టగనే వచ్చు ఇసుక ఆవలనే ఆగినది. పోవునది మాత్రము పోవుచునే యున్నది. ఇది తెలియక జరిగినది కాదు. అందుకే అడ్డుకట్ట దక్షిణమున చేరిన ఇసుకను త్రవ్వి, ఓడలద్వారా తెచ్చి రామకృష్ణా బీచివైపు పోయుట ఆనవాయితీ ఐనది. ప్రకృతి ఉచితముగ చేసినపనిని యంత్రము డబ్బు పుచ్చుకొని చేయుచున్నదన్నమాట. ఆ పోతలో ఒక ఏడు వెనుకబడినను తీరము చిక్కిపోవును. ఇక 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ వంటి తుపాను వచ్చినప్పుడు చెప్పనేల?

"సముద్రం ముందుకొచ్చేసిందా తాతా?" అని బడిపిల్లవా డడిగిన, వల కుట్టుకొను ముసలివాడు తలయెత్తకయే చెప్పును: "సముద్రం ఎక్కడికీ రానేదు బాబూ. ఇసకే ఎలిపోనాది."

సాయంకాలమునకు జనమంతయు రామకృష్ణా బీచికి చేరుదురు. 1969 నుండి 2001 వరకు నౌకాదళమున పనిచేసిన 'కుర్‌సురా' జలాంతర్గామి ఒడ్డున మ్యూజియమై నిలిచియున్నది. సుమారు 91 మీటర్ల ఆ ఉక్కుగొట్టములోపల అంతమంది ఎట్లు బ్రదికిరోయని పిల్లలు ఆశ్చర్యపడుదురు. దానిని చూపకుండ వారిని వెనుకకు తీసికొనిపోవుట ఏ ఉపాధ్యాయునికిని సాధ్యముకాదు.

ప్రొద్దుగ్రుంకును. యారాడ కొండపై దీపస్తంభము వెలుగును. జాలరిపేటలో స్త్రీలు ఆరిన నెత్తళ్లను గంపల కెత్తుకొందురు. అలతాకిడికి అందకుండ పడవను ఇంకొంచెము పైకి లాగుటకు నలుగురు చేయివేయుదురు. పైకి లాగుటకు మిగిలిన చోటు ఇంటిగోడవరకే యున్నది.