రహీం సాబ్ లెక్కలు: 10–1 నుంచి 2–1 దాకా

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు దక్కిన స్వర్ణాలు 2. ఒకటి 1951లో ఢిల్లీలో, రెండోది 1962లో జకార్తాలో. రెండు జట్లకూ కోచ్ ఒక్కరే: హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా పనిచేసిన ఈయన్ను మైదానంలో అందరూ ‘రహీం సాబ్’ అనేవారు. ఆయన దేశానికి ఏమిచ్చారో పతకాల కన్నా ఓటముల లెక్కే బాగా చెబుతుంది.

5 కప్పులు, వరుసగా

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. ఆ ఏడు నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్ ఐదుసార్లూ పోలీసులదే. డ్యూరండ్ కప్ కూడా ఆయన హయాంలో 4 సార్లు వచ్చింది.

రోజుకు 1 రూపాయి

కుర్రాళ్లను వెతకడం కూడా ఆయన పనే. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేదింటి పిల్లాడు తులసీదాస్ బలరాం. హైదరాబాద్‌లో ప్రాక్టీసుకు రావడానికి బస్సు డబ్బులు కూడా ఉండేవి కావు. అద్దె సైకిలు తీసుకోమని రహీం సాబ్ రోజుకో రూపాయి ఇచ్చేవారు. ఆ కుర్రాడు 20 ఏళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు.

9, 3, 1

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా మనపై 10–1తో గెలిచింది. తేడా 9 గోల్స్. మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి.

1956లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీస్ చేరాం. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్‌కు వెళ్లిన తొలి ఆసియా జట్టు మనదే. అక్కడ మళ్లీ యుగొస్లావియానే ఎదురైంది. ఈసారి స్కోరు 4–1, తేడా 3. చివరికి నాలుగో స్థానం దక్కింది.

1960లో రోమ్‌లో, ఆపై కాంస్యం గెలిచిన హంగరీతో 2–1తో ఓడిపోయాం. తేడా 1. మన గోల్ బలరాందే. ఫ్రాన్స్‌తో 1–1 డ్రా చేసుకున్నాం. ఎనిమిదేళ్లలో యూరప్ మేటి జట్లతో మన దూరం అంతగా తగ్గింది.

4–9–1962

జకార్తాలో తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2–0తో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతణ్ని బెంచీకి పంపలేదు, ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. ఫైనల్లో అదే కొరియాపై 2–1తో గెలిచాం. ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. గోల్ కీపర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం ముగ్గురూ హైదరాబాద్–సికింద్రాబాద్ మైదానాల్లో ఎదిగినవారే.

అప్పటికే రహీంకు క్యాన్సర్. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన తర్వాత

రోమ్ తర్వాత మన జట్టు మళ్లీ ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. ఆసియా క్రీడల్లో చివరి పతకం 1970 బ్యాంకాక్ కాంస్యం. దానికి కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. శిక్షణ ఇచ్చినవారిలో జకార్తా హీరో పి.కె. బెనర్జీ ఉన్నారు. అంటే, ఆయన పోయిన ఏడేళ్లకు వచ్చిన ఆ పతకంలోనూ రహీం సాబ్ వాటా ఉంది.