వార్తల్లో పదం: స్మార్ట్ విలేజ్

ఇంటర్నెట్, సౌర విద్యుత్తు, డిజిటల్ సేవలు పల్లె గడప దాకా తేవడమే స్మార్ట్ విలేజ్. 2015లో ఆంధ్రప్రదేశ్ పథకంతో మనకు పరిచయమైన ఈ మాట ఇప్పుడు యుద్ధం తుడిచిపెట్టిన ఊళ్ల పునర్నిర్మాణంలోనూ వినిపిస్తోంది.

అజర్‌బైజాన్‌లోని జంగిలాన్ జిల్లా అఘాలీ గ్రామమే ఉదాహరణ. 1993లో ఆర్మేనియన్ బలగాల వశమై ఖాళీ అయిన ఈ ప్రాంతాన్ని అజర్‌బైజాన్ 2020 యుద్ధంలో తిరిగి దక్కించుకుంది. తొలి దశలో 200 ఇళ్లు, బడి కట్టారు. 2022 జులైలో తొలి కుటుంబాలు తిరిగొచ్చాయి. ఊరు వదిలిన నాటి పసిపిల్లలు అప్పటికి ముప్పయ్యో పడికి దగ్గరయ్యారు.

అయితే అక్కడ కేబుల్ కన్నా ముందు రావాల్సింది మందుపాతరలు తీసేవాళ్లు. డిటెక్టర్ కూత పెట్టిన చోట మోకాళ్ల మీద కూర్చుని, మట్టిని జాగ్రత్తగా గుచ్చి చూస్తారు. ఆ నేల సురక్షితమని తేలాకే నాగలి దిగాలి.

ఇంకో చిక్కు: 2023లో ఇదే వివాదానికి కేంద్రమైన కరాబాఖ్ ప్రాంతం నుంచి లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు తరలిపోయారు. ఊరు తెలివైనదైతే చాలదు, అందులో ఎవరికి చోటుందన్నదీ ముఖ్యమే.