ఫిలిము చుట్ట - మోటారు లెక్క

శ్రీరామనవమినాడు భద్రాచలమున సీతారాముల కల్యాణము జరుగును. వైరానుండి కెమెరాతో వెళ్ళిన యొక యువకుడు, ముత్యాల తలంబ్రాలు రాలు క్షణమున మీట నొక్కెననుకొందము. మోటారు చక్కగా మ్రోగినది; ఇంటికి వచ్చి చూడగా చిత్రము లేదు. లోప మెచ్చట?

మధ్యమ పరిమాణపు కెమెరాలకు రెండు రకముల చుట్ట లున్నవి. 1901లో కొడాక్ సంస్థ వెలువరించిన 120 చుట్టలో ఫిలిము వెనుక ఆద్యంతము కాగిత ముండును. 1965లో వచ్చిన 220 చుట్టకు మొదట, చివర మాత్రమే యుండును. అందుచే అదే కండెపై రెట్టింపు ఫిలిము పట్టును. చతురస్రపు చిత్రములు 12కు బదులు 24 వచ్చును.

కాగితము లేని 220 పలుచనైనది. ఫిలిమును వెనుకనుండి అదిమిపట్టు పలక దానికి తగినట్లు అమరనిచో చిత్రము మసకబారును. పాత కెమెరాల వెనుకనుండు ఎఱ్ఱని గవాక్షమునుండి వెలుతురు చొచ్చి దానిని చెఱచును.

మోటారు కెమెరాకు లెక్కయే ఆధారము. 1984లో వచ్చిన పెంటాక్స్ 645లో రెండు చుట్టలకును వేఱువేఱు చట్రము లున్నవి. 120 చట్రమున 220 నుంచినచో సగము ఫిలిము వ్యర్థమగును. 220 చట్రమున 120 నుంచినచో, ఫిలిము ముగిసిన సంగతి యంత్ర మెఱుగదు. వట్టి కాగితమును త్రిప్పును. ఆ యువకునికి జరిగిన దిదియే.

1969లో చంద్రునిపై దిగినవారును తమ మోటారు హాసెల్‌బ్లాడ్ కెమెరాకు, అంచున రంధ్రములు గల 70 మిల్లీమీటర్ల ఫిలిమునకై చేసిన ప్రత్యేకపు పెట్టెనే వాడిరి.

నేడు 120 దొరకును, 220 అరుదు. కావున పాత కెమెరా కొనువారు ముందుగా చట్రముపై అంకెను చదువవలెను. తలంబ్రాలు మరల పోయుదురు. కాని మరుసటి యేటనే.