నలదుర్గపు పానీ మహలు

హోట్గి రోడ్డు నేతపేటలలో నివసించు మన తెలుగువారిలో విజాపుర గోళగుమ్మటమును చూడనివారు అరుదు. హోట్గి కూడలినుండి రైలు తిన్నగ అచ్చటికే పోవును గదా! హైదరాబాదు బాటలో, షోలాపురమునకు సుమారు 45 కిలోమీటర్ల దూరమున, బోరీనది యొడ్డున గల నలదుర్గమునకు పోవువారును లేకపోలేదు. కాని వారిలో పెక్కుమంది వానకాలమున జలపాతమును చూచి మరలివత్తురు. ఆ జలపాతము వెనుక నొక రాజమందిర మున్నదనియు, ఆ మందిర మొక ఆనకట్ట గర్భమున నున్నదనియు గమనించినగాని ఆ శిథిలముల యర్థము బోధపడదు.

నలదుర్గము కల్యాణి చాళుక్యుల సామంతులదని చెప్పుదురు. పిదప బహమనీలకును, వారి వెనుక విజాపుర ఆదిల్‌షాహీలకును వశమైనది. నల్లరాతి గుట్టపైని కోటకును, ఎదుటి గట్టుననున్న రణమండలమను చిన్నకోటకును నడుమ బోరీనది పారును. రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా కాలమున ఈ రెంటిని కలుపుచు నదికి అడ్డముగ రాతికట్ట కట్టిరి. హిజరీ 1022, అనగా క్రీ.శ. 1613 నాటి పారసీక శాసనము మీర్ మహమ్మద్ ఇమాదీన్ అను నిర్మాతను పేర్కొనుచున్నది. కోటలోని సైన్యమునకు నీరు నిలువచేయుటయు, శత్రువునకు అగడ్త నేర్పరచుటయు కట్టకు ప్రధాన ప్రయోజనములు. కట్ట యెత్తు 90 అడుగులని 1853 పిదప అచ్చట అధికారిగానుండిన మెడోస్ టేలరు తన ఆత్మకథలో వ్రాసెను.

ఇట్టి కట్టను నిర్మించినవాడు దాని నడుమ మెట్లు దించి, గదులు తొలిచి, గవాక్షములు పెట్టెను. చెరువు నిండినపుడు నర, మాది యను రెండు కలుజులనుండి నీరు దుమికి గవాక్షముల ముందు తెరవలె జారును. లోపలివారు తడియక చూతురు. మగ్గమున బిగించిన పడుగు వెనుకనుండి వెలుతురు చూచుట మనవారికి క్రొత్త గాదు. ఇచ్చటి పడుగు నీరు, అంతియే. దీనిని కేవలము విలాసమందిర మనువారితో నేనేకీభవింపజాలను. విలాసము తరువాతిది, నీరు మొదటిది. కోటలోని తక్కిన మహళ్లు మొండిగోడలై మిగిలినను, ఈ గది నిలుచుటకు కారణ మది కట్టలో నొక భాగమగుటయే యని నా యభిప్రాయము.

మనకు ఈ కోటతో మరియొక సంబంధము కలదు. షోలాపుర తెలుగువారి కథను 1877లో వెలసిన పాత మిల్లు ద్వారమునుండి మొదలిడుట మన యలవాటు. తెలంగాణమునుండి హైదరాబాదు బాటపట్టి వచ్చిన నేతగాండ్రు మిల్లుకంటె ముందు ఈ బురుజులనే చూచియుందురు. 1853లో ఆంగ్లేయుల కప్పగింపబడిన నలదుర్గము 1860లో మరల నిజాము చేతికి వచ్చినది, షోలాపురము ఆంగ్లేయులది. కావున కోట దాటుట రాజ్యము దాటుటకు ముందడుగు. 1948 సెప్టెంబరు 13న షోలాపురమునుండి కదలిన భారతసైన్యము బోరీవంతెనను చెడకుండ పట్టుకొనినదియు ఇచ్చటనే.

చూడబోవువారు శ్రావణమున నొకసారియు, వేసవిలో నొకసారియు పోవుట మేలు. శ్రావణమున నీటితెర కనబడును, కట్ట కనబడదు. వేసవిలో ఉపలి బురుజెక్కి కోట విస్తీర్ణమును చూచి, పిదప కట్టమీదికి వచ్చి మెట్లు దిగినచో, గవాక్షముల కెదుట ఎండిన రాతివరుసలును, వానిపై నీరు జారిన నల్లని చారలును స్పష్టముగ నగపడును.