ఇంటి అక్వేరియం సంప్‌లో అడ్డుపలకల రూపకల్పన: విద్యుత్తు ఆగిన క్షణమే ప్రమాణం

అక్వేరియం తొట్టి కింద అమర్చి, నీటిని శుద్ధిచేసి తిరిగి పైకి పంపేందుకు వాడే రెండో తొట్టిని సంప్ అంటారు. పై తొట్టి నుంచి పొర్లిన నీరు గొట్టం ద్వారా దీనిలోకి దిగుతుంది. మొదటి అరలో మలినాలు అడుగుకు చేరుతాయి. రెండో అరలోని మాధ్యమంపై పెరిగే నత్రీకరణ బాక్టీరియా అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తుంది. చివరి అరలోని పంపు నీటిని పైకి తోడుతుంది. ఈ అరలను విడదీసే గాజు పలకలే అడ్డుపలకలు. పెరటి అలంకరణ చేపల యూనిట్లలోను, చిన్న అక్వాపోనిక్స్ ప్రదర్శనలలోను ఇదే సూత్రం వర్తిస్తుంది కనుక విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు దీని లెక్కలు తెలిసి ఉండటం అవసరం.

పంపు నడుస్తున్నంతసేపు దాదాపు ప్రతి సంప్ సవ్యంగానే కనిపిస్తుంది. విద్యుత్ సరఫరా ఆగినప్పుడే రూపకల్పనలోని లోపం బయటపడుతుంది. నీరు సంప్ అంచు దాటి, పక్కనే ఉన్న విద్యుత్ బోర్డు వరకు పారితే నష్టం చేపలతో ఆగదు. అందువల్ల పలకల సంఖ్య కన్నా ముందు వాటి ఎత్తును, అదీ పంపు ఆగిన స్థితిని బట్టి, నిర్ణయించాలి.

వెనక్కి వచ్చే నీటి లెక్క

ఉదాహరణకు పై తొట్టి 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు ఉందనుకుందాం. దానిలో నీటిమట్టం 1 సెం.మీ. తగ్గితే 4.05 లీటర్లు కిందికి వస్తాయి. పంపు ఆగగానే పొర్లే నీటిపొర సుమారు 1 సెం.మీ. మేర దిగుతుంది. నీటిని పైకి చేర్చే గొట్టం మూతి మునిగి ఉన్నందున, అది గాలికి తెరుచుకునేదాకా సైఫన్ వల్ల నీరు వెనక్కి వస్తూనే ఉంటుంది. మూతి పొర్లుమట్టానికి 2 సెం.మీ. లోతున ఉంటే మొత్తం 3 సెం.మీ., అంటే సుమారు 12 లీటర్లు, గొట్టాలలోని నీటితో కలిపి 14 లీటర్లు సంప్‌లో చేరతాయి.

సంప్ కొలతలు 75×30 సెం.మీ., ఎత్తు 40 సెం.మీ. అయితే ప్రతి సెంటీమీటరుకు 2.25 లీటర్లు పడతాయి. 14 లీటర్లకు మట్టం 6.2 సెం.మీ. పెరుగుతుంది. అంచు కింద 3 సెం.మీ. ఖాళీ వదిలితే, నీరు పైనుంచి దాటే పలకల ఎత్తు 30 సెం.మీ. మించరాదు. ఇక్కడ 28 సెం.మీ. ఎంచుకుందాం. అదే గొట్టం మూతి 10 సెం.మీ. లోతున ఉంటే 46 లీటర్లకు పైగా వెనక్కి వస్తాయి. ఈ సంప్‌లో అంత చోటు లేదు. పది లీటర్లకు మించి నేలపాలవుతాయి. గొట్టానికి పెట్టే సైఫన్ నిరోధక రంధ్రం నాచుతో మూసుకుపోవచ్చు, చెక్ వాల్వ్ చెత్త చేరి పూర్తిగా మూసుకోకపోవచ్చు. అవి ఉన్నా, లేవనుకొనే లెక్క వేయాలి.

మూడు పలకల అమరిక

పంపు గంటకు 900 లీటర్లు, అంటే సెకనుకు 250 మి.లీ. తోడుతుందనుకుందాం. 25 సెం.మీ. పొడవైన మొదటి అర ఉపరితలం 750 చ.సెం.మీ. కనుక నీటి వేగం సెకనుకు 0.33 సెం.మీ. ఇంతకన్నా వేగంగా దిగే రేణువులు అడుగున నిలుస్తాయి. రేణువుల సేకరణను నిర్ణయించేది లోతు కన్నా ఉపరితల వైశాల్యమే అన్నది 1904లో అలెన్ హేజెన్ అవక్షేపణపై వెలువరించిన పత్రంలోని సారాంశం. కనుక అరను లోతుగా చేయడం కన్నా పొడవుగా చేయడం మేలు.

28 సెం.మీ. ఎత్తున్న మొదటి పలక పైనుంచి నీరు రెండో అరలోకి దిగుతుంది. 25.5 సెం.మీ. పొడవైన ఈ అరలో మాధ్యమాన్ని అడుగుకు 3 సెం.మీ. ఎత్తున జల్లెడపై ఉంచాలి. రెండో పలకను అడుగున 3 సెం.మీ. సందు వదిలి అతికించాలి. నీరు మాధ్యమం గుండా కిందికి దిగి, సందులోంచి వెళ్లి, 3 సెం.మీ. దూరంలో 27 సెం.మీ. ఎత్తున్న మూడో పలకపైకి లేచి, 20 సెం.మీ. పొడవైన పంపు అరలో పడుతుంది. రెండో పలక పై అంచు 33 సెం.మీ. వద్ద ఉండాలి. మాధ్యమం పూడుకుపోయినా నీరు దానిపైనుంచి పొర్లి పంపు అరకే చేరుతుంది.

గాలి బుడగల కోసం ఇరుకు సందుల వరుసను వేరుగా నిర్మించడం వాడుక. 3 సెం.మీ. సందులో నీరు సెకనుకు 2.8 సెం.మీ. వేగంతో కిందికి దిగుతుంది. 0.2 మి.మీ. బుడగ పైకి లేచే వేగం సుమారు 2 సెం.మీ. మాత్రమే కనుక అది నీటితో పాటు కొట్టుకుపోతుంది. పై అమరికలో నీరు విశాలమైన అరలో దిగుతున్నందున, మాధ్యమం ఆక్రమించే చోటు వల్ల వేగం కొంత పెరిగినా, బుడగ తప్పించుకోగలదు.

పలకపై నీటి మందాన్ని సాగునీటి కొలతలో చదువుకునే దీర్ఘచతురస్రాకార వియర్ సూత్రంతోనే చూడవచ్చు. ప్రవాహం లీటర్లలోను, పొడవు, నీటి ఎత్తు సెంటీమీటర్లలోను తీసుకొని Q = 0.0184 L H^1.5 లో విలువలు వేస్తే, 30 సెం.మీ. పలకపై నీటిపొర సుమారు 6 మి.మీ. మందమే.

పంపు అర పరిమాణం

ఆవిరి నష్టమంతా ఈ ఒక్క అరలోనే కనిపిస్తుంది. మిగిలిన అరల మట్టాన్ని పలకలు నిలుపుతాయి. రెండు తొట్ల ఉపరితలం కలిపి 6,300 చ.సెం.మీ. రోజుకు 5 మి.మీ. ఆవిరైతే నష్టం 3.15 లీటర్లు. 600 చ.సెం.మీ. పంపు అరలో ఇది 5.25 సెం.మీ. తగ్గుదల. నిండు మట్టం 24, కనీస మట్టం 10 సెం.మీ. అనుకుంటే రెండున్నర రోజులకు మించి నీరు పోయకుండా ఉండలేము. మట్టం తగ్గేకొద్దీ నీరు ఎత్తునుంచి పడి బుడగలు పుడతాయి. పై తొట్టిలో బుడగలు కనిపించడం నీరు పోయాలన్న సూచన.

అలాగని అరను మరీ పెంచరాదు. పొర్లు గొట్టం మూసుకుపోతే పంపు తన అరలోని నీటినంతా పైకి తోడుతుంది. ఇక్కడ అది 14.4 లీటర్లు, పై తొట్టి మట్టం 3.6 సెం.మీ. పెరుగుతుంది. కనుక అక్కడ 4 సెం.మీ. ఖాళీ తప్పనిసరి.

పలకలకు 5 మి.మీ. గాజు, శిలీంధ్రనాశకాలు కలపని సిలికాన్ వాడాలి. స్నానాల గదుల కోసం అమ్మే రకం చేపలకు హానికరం. అతుకు వారంపాటు ఆరాలి. ఒక్క అరనే నింపితే పలకపై ఒకవైపే ఒత్తిడి పడుతుంది కనుక తొలిసారి అన్ని అరలనూ సమంగా నింపాలి.

చేపలను వదలకముందే మూడు పరీక్షలు చేయాలి. పంపు ఆపి సంప్ మట్టం ఎంత పెరిగిందో కొలవాలి. పొర్లు గొట్టాన్ని మూసి పై తొట్టి నిలుస్తుందో లేదో చూడాలి. రెండు రోజులు నీరు పోయకుండా పంపు అర మట్టాన్ని నమోదు చేయాలి. ఈ మూడింటిలో నెగ్గిన యూనిట్‌నే రైతుల ముందు ప్రదర్శనకు పెట్టాలి.